అన్నీ అయ్యాక కాదు, అందరూ ఉండగానే

మన ఆడవాళ్ళ ప్రయాణాలన్నీ ఒక్క మాట దగ్గర ఆగిపోయి ఉంటాయి. "అయ్యాక." పిల్లల పరీక్షలు అయ్యాక. పెద్దదాని పెళ్ళి అయ్యాక. ఆయన రిటైర్ అయ్యాక. వీటితో నాకు పేచీ లేదు. వాటికో తేదీ ఉంటుంది, ఆ తేదీ వస్తుంది, పోతుంది. కానీ ఇంకో రకం "అయ్యాక" ఉంది. దాన్ని ఎవరూ పూర్తిగా పలకరు. మంచం పట్టిన అత్తగారు, మతిమరుపు వచ్చిన మావగారు, ఇంట్లో ముసలిదైపోయిన కుక్క. వీళ్ళ విషయంలో "అయ్యాక" అంటే అర్థం ఏమిటో మనందరికీ తెలుసు. తెలిసే అనుకుంటాం.

మా అత్తగారు ఆరేళ్ళు మంచంలో ఉన్నారు. ఆవిడ పోయిన పన్నెండో రోజున, భోజనాలయ్యాక, చుట్టాలావిడ ఒకామె నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే అమ్మా, ఇన్నాళ్ళకి ఫ్రీ అయ్యావు. ఇక నాలుగు ఊళ్ళు తిరుగు" అంది. ఆవిడ ప్రేమతోనే అంది. ఆ మాట మాత్రం నాకు చాలా రోజులు గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఒక మనిషి పోతే తప్ప నాకు ఊరు కదిలే అర్హత రాదా? ఆవిడ కూడా ఆ ఆరేళ్ళూ కిటికీలోంచి కనిపించే కొబ్బరిచెట్టు తప్ప ఇంకేం చూడలేదు. ఇద్దరం ఒకే గదిలో ఒకరినొకరు కనిపెట్టుకుని కూర్చున్నాం.

అందుకే మా కుక్క ముసలిదైనప్పుడు నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. వీడు పోయేదాకా ఆగి, ఆ తర్వాత తిరగడం అనే పద్ధతి ఈసారి వద్దు. వాడినే తీసుకెళ్దాం. ఇది పిచ్చి అన్నవాళ్ళు ఉన్నారు. కాదని ఎందుకు అనుకుంటున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా వాడి పేరు మేస్త్రి. ఊరకుక్కే. 2012 వానల్లో ఉక్కునగరంలోని మా క్వార్టర్ గేటు దగ్గర దొరికాడు. ఆయన గోడకి సున్నం వేస్తుంటే ఎదురుగా కూర్చుని పని చూసేవాడట, అందుకని ఆ పేరు. అత్తగారి మంచం కిందే వాడి మకాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడినప్పుడు వాడికి రెండేళ్ళు. ఆ రాత్రి తర్వాత జీవితాంతం గాలి గట్టిగా వీస్తే చాలు, మంచం కింద దూరిపోయేవాడు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో రిటైర్ అయ్యి, మేం క్వార్టర్ ఖాళీ చేసి గాజువాక వైపు మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి మారేసరికి వాడికి పదకొండు దాటాయి. వెనక కాళ్ళ కీళ్ళు పట్టేశాయి. కళ్ళలో నీలం పొర. పిలిస్తే ఒక్కోసారి వినపడేది కాదు.

ఉద్యోగస్తుల కాలనీల్లో బతికినవాళ్ళకి తెలుస్తుంది, సామాన్లు లారీకి ఎక్కించే రోజు కుక్క సంగతి ఏమవుతుందో. కొందరు వెంట తీసుకెళ్తారు. కొందరు వాచ్‌మన్‌కి వంద రూపాయలిచ్చి "అన్నం పెడుతూ ఉండు" అంటారు. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించడానికి మనకి 1960లోనే చట్టం వచ్చింది. సరైన కారణం లేకుండా, ఆకలికీ దాహానికీ గురయ్యేలా జంతువుని వదిలేయడం అందులో నేరం. మొదటిసారికి ఆ చట్టం రాసిన జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఈ రోజు ఒక ప్లేటు ఇడ్లీ కూడా రాదు. కాబట్టి ముసలి కుక్క బతుకు చట్టం చేతిలో లేదు. ఆ ఇంటివాళ్ళ మనసు మీదే ఆధారపడి ఉంది. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ ఇంటి ఇల్లాలి మీద.

ఎందుకంటే చూడండి. కుక్కని కావాలని తెచ్చేది పిల్లలు. దాన్ని ముద్దు చేసేది ఆయన. అది ముసలిదై గదిలో తడిపేస్తే తుడిచేది మనం. ఊరెళ్ళాలంటే "నువ్వు ఉండిపో, ఎవరో ఒకరు ఉండాలి కదా" అనే మాట వచ్చి పడేదీ మన మీదే. ఆ "ఎవరో ఒకరు" ఎప్పుడైనా ఇంట్లో మగాడు అయ్యాడా? మా ఇంట్లో కాలేదు. మీ ఇంట్లో అయితే నాకు చెప్పండి, దండం పెడతాను.

సరే, తీసుకెళ్ళాలంటే ఎలా? ముందు రైలు సంగతి కనుక్కున్నాం. కుక్కని మన దగ్గరే ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో ఇద్దరు పట్టే కూపే గానీ నలుగురు పట్టే క్యాబిన్ గానీ మొత్తం మనకే ఉండాలి. లేదంటే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల పెట్టె ఉంటుంది, అందులో వేసి పంపాలి. కళ్ళు సరిగ్గా కనపడని పన్నెండేళ్ళవాడిని ఇనప పెట్టెలో పెట్టి, నేను వేరే బోగీలో కూర్చుని టీ తాగలేను. లాడ్జిలకి ఫోన్ చేస్తే కుక్క అనగానే పెట్టేశారు. వాళ్ళని తప్పు పట్టను. ఆ మంచం మీద మర్నాడు వేరేవాళ్ళు పడుకోవాలి. మిగిలింది ఒక్కటే దారి. మన గది మనతోనే తీసుకెళ్ళడం.

క్యాంపర్ వ్యాన్ అనగానే యూట్యూబ్‌లో విదేశీ జంటలు, పలక మీద కాఫీ కప్పులు ఊహించుకోకండి. మాది సెకండ్ హ్యాండ్ పెట్రోలు వ్యాను. సీట్లు పీకేసి, స్టవ్ బిగించి, రూపం మార్చేయడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి తేడా రాకూడదు. అందుకని మేం బిగించింది ఏమీ లేదు. వెనక సీటు మడిచి, దాని మీద ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేసే ప్లైవుడ్ చెక్క, పైన పరుపు. కిటికీలకి దోమతెర. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను రెండు. వాడు ఎక్కడానికి గోనెపట్టా మేకులు కొట్టిన వాలు చెక్క. అంతే.

వంట సామాను? తీసుకెళ్ళలేదు. బయల్దేరే ముందే ఆయనకి చెప్పేశాను. వంటిల్లు చక్రాలెక్కితే అది యాత్ర కాదు, బదిలీ. చిన్న కరెంటు కుక్కర్ ఒక్కటి పెట్టుకున్నాం, అదీ వాడి అన్నానికి. ఎక్కడ ప్లగ్గు దొరికితే అక్కడ అన్నం, కోడిగుడ్డు. ఆ పని ఆయనది. రాత్రి రెండింటికి వాడిని దింపి తిప్పే పనీ ఆయనదే. మేం ఇద్దరం దొరికిన చోట ఇడ్లీయో పెసరట్టో తిన్నాం. క్యాంపర్ వ్యాన్ కొనుక్కుందామని ముచ్చట పడే చెల్లెళ్ళకి నా మొదటి సలహా ఇదే. బండి కన్నా ముందు పనుల పంపకం మాట్లాడుకోండి.

2025 సంక్రాంతి వెళ్ళాక బయల్దేరాం. ముసలి కుక్కకి ఆ నెలే మంచిది. కుక్కలకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే చల్లబడాలి. మన తీరంలో మార్చి దాటితే ఆ ఉక్కలో ముసలి ప్రాణం తట్టుకోలేదు. అక్టోబరు, నవంబరు అంటే తుపాన్ల భయం. బయల్దేరే ముందు పశువుల డాక్టరుకి చూపించాం. ఆయన నొప్పికి మందు రాసి, రెండు గంటలకోసారి దింపి నడిపించమన్నారు. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం పొరపాటున కూడా వెయ్యొద్దన్నారు. మన ఇంట్లో ఉండే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కలకి విషంతో సమానం. ఇది కుక్క ఉన్న ప్రతి ఇంట్లో తెలియాల్సిన సంగతి.

విశాఖ నుంచి శ్రీకాకుళం జిల్లా బారువ దాకా వెళ్ళి రావాలని అనుకున్నాం. చిన్నప్పుడు సాంఘికశాస్త్రంలో ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లు అని బట్టీపట్టాం కదా, అందులో ఇది చిన్న ముక్క. హైవే మీద వెళ్తే పూట ప్రయాణం. మాకు వెళ్ళిరావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ తొమ్మిది రోజుల్లోనే నాకు తెలిసిందేమంటే, నలభై ఏళ్ళుగా నేను ఉన్న ఊరిని నేను చూడలేదని. పోర్టు రోడ్డులో లారీల మధ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళడం, సింహాచలం, ఆర్కే బీచ్‌లో ఏడాదికోసారి మొక్కజొన్న పొత్తు. ఇదే నా విశాఖ. ఇప్పుడు రెండు గంటలకోసారి ఆగాల్సిందే కాబట్టి, చుట్టూ చూడాల్సి వచ్చింది. ఋషికొండలో ఆగలేదు. ఆ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, ఆ గుర్తింపు ఉన్నచోట పెంపుడు జంతువుల మీద ఆంక్షలుంటాయి. న్యాయమే. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం రోడ్డు పక్కన చెట్టు నీడలో గంటసేపు కూర్చున్నాం. పెళ్ళయిన కొత్తలో సినిమా పాటల్లో చూసిన చోటు అది. గాలీ నీరూ వేల ఏళ్ళు కూర్చుని పేర్చిన దిబ్బలట. తొందర లేనివాళ్ళ పని అలాగే ఉంటుంది.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ పాత సమాధులు. విజయనగరం జిల్లాలో చింతపల్లి లైట్‌హౌస్. తర్వాత వంశధార కలిసే కళింగపట్నం. అక్కడ వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళ పక్కన మేస్త్రి ఒకపూటంతా పడుకున్నాడు. వాడి ముక్కు మాత్రం ఆగలేదు. కళ్ళూ చెవులూ పోయినా ముక్కు ఉంది కదా. సముద్రపు గాలి వైపు తల ఎత్తి ఆ ముక్కు కదులుతూనే ఉంది. ఎండుచేపలు ఆరేస్తున్న ఒకావిడ దగ్గరికొచ్చి, "ముసలోడిని కూడా తెచ్చీసినారేటమ్మా? ఒగ్గీకుండా తెచ్చినారు, మంచిపని" అంది. అంతకు ముందు మా అపార్ట్‌మెంట్‌లో పదిమంది చెప్పిన సలహాల కన్నా నాకు ఆ ఒక్క మాట ఎక్కువ.

ఆడవాళ్ళు అడిగే ప్రశ్న నాకు తెలుసు. బాత్రూం సంగతేంటి? పెట్రోలు బంకులు. మరుగుదొడ్డి, తాగే నీళ్ళు, టైరుకి గాలి, ఇవి బంకులో డబ్బు తీసుకోకుండా ఇవ్వాల్సిన సదుపాయాలు. మనం అడగడానికి సిగ్గుపడతాం. తాళం వేసి ఉంటే తాళం అడగాలి. నేను అడిగాను, ఇచ్చారు. రాత్రుళ్ళు నిర్మానుష్యమైన బీచిలో ఎప్పుడూ పడుకోలేదు. ఐదు రాత్రులు వెలుతురున్న బంకు ఆవరణలో చెప్పి మరీ పడుకున్నాం. మిగతా రాత్రులు లాడ్జి కాంపౌండులో బండి పెట్టుకోనిస్తే ఒకరు గదిలో, ఒకరు వాడితో బండిలో. పెట్రోలు, తిండి, గది అద్దెలు అన్నీ కలిపి పద్నాలుగు వేలు దాటలేదు.

కుక్కని తీసుకెళ్ళేవాళ్ళకి బాధ్యతలూ ఉన్నాయి, అవి చెప్పకపోతే నా వాదన సగమే అవుతుంది. శీతాకాలం నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి ఇసుకలో కుక్కని వదిలితే ఆ గుడ్లు తవ్వేస్తుంది. అందుకని చీకటి పడ్డాక గొలుసు తియ్యకూడదు. ఒడ్డున పడి ఉన్న చేపలు నోట పెట్టనివ్వకూడదు, బంతిలా ఉబ్బే చేపల్లో ప్రాణం తీసే విషం ఉంటుంది. ఉప్పునీళ్ళు తాగితే వాంతులు, విరేచనాలు. మధ్యాహ్నం తారురోడ్డు మీద మన అరచెయ్యి ఆనించలేకపోతే వాడి పాదమూ ఆనించలేడు. వాడు చేసిన మలం మనమే తియ్యాలి. వలలు ఆరేసిన చోట ముందు అడగాలి. అది వాళ్ళ వాకిలి.

మరి, "కుక్క కోసం ఇంత అవసరమా?" అంటారు. అమెరికాలో జాన్ స్టైన్‌బెక్ అని పెద్ద రచయిత 1960లో చార్లీ అనే పదేళ్ళ కుక్కని వేసుకుని, ట్రక్కు మీద గది కట్టించుకుని దేశమంతా తిరిగాడు. దారిలో చార్లీకి మూత్రం బిగుసుకుపోతే పశువుల డాక్టర్ల కోసం వెతికాడు. ఆ ప్రయాణం మీద 1962లో పుస్తకం వేశాడు. అదే ఏడు ఆయనకి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఒక మగాడు ముసలి కుక్కతో ఊళ్ళు తిరిగితే అది సాహిత్యం. యాభై ఎనిమిదేళ్ళ ఇల్లాలు తిరిగితే "ఆవిడకి ఏమైంది?"

అంత దూరం ఎందుకు, మనకి మహాప్రస్థానం ఉంది. ధర్మరాజు కుక్కని విడిచి స్వర్గానికి రానన్నాడని అందరూ చెబుతారు. మా అమ్మ మాత్రం ఆ కథ చెప్పినప్పుడల్లా ఒక చురక వేసేది. "ద్రౌపది ముందే పడిపోతే ఆగలేదు గానీ, కుక్క దగ్గర మాత్రం పట్టుబట్టాడు" అని. నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు అనిపిస్తుంది, అమ్మ చెప్పింది నవ్వులాట కాదు. వెనకబడిన వాళ్ళ కోసం ఆగకుండా నడవడం మన కథల్లోనే ఉంది. ఆ దారిలో ముందుగా పడిపోయేది ఎవరో కూడా ఉంది. నేను అడిగేది ఒక్కటే. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళ అడుగుని బట్టి ఇంటిల్లిపాదీ నడిస్తే ఏం పోతుంది? ముసలి కుక్క కోసం రెండు గంటలకోసారి ఆగితే, మోకాళ్ళ నొప్పులున్న నాకూ విశ్రాంతి దొరికింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఎవరూ "త్వరగా కానీ" అనని తొమ్మిది రోజులు అవి.

తీసుకెళ్ళడం అన్నిసార్లూ మంచిదే అని నేను అనను. నొప్పితో మూలుగుతున్న ప్రాణాన్ని మన సరదా కోసం బండెక్కించడం క్రూరత్వమే. కదపలేని స్థితిలో ఉంటే కదపకూడదు. అప్పుడు చెయ్యాల్సింది వంతులు. ఈసారి ఆవిడ వెళ్తుంది, ఆయన ఉంటాడు. వచ్చేసారి ఆయన. మంచంలో ఉన్న మనిషి విషయంలోనూ అంతే. అత్తగారి ఆరేళ్ళలో అలాంటి వంతు ఒకటి ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఆ రోజుల్లో అది మా చుట్టాల్లో ఏ ఇంట్లోనూ లేదు. ఇప్పుడైనా ఉండాలని మా కోడలికీ, కూతురికీ చెబుతున్నాను.

ఇంకో మాట, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి. ముసలి కుక్కని మెట్ల మీదే తిప్పమనీ, లిఫ్ట్ వద్దనీ అసోసియేషన్లు అంటుంటాయి. పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి గానీ లిఫ్ట్ ఆపడానికి గానీ నివాసితుల సంఘాలకి అధికారం లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. గొడవ పడనక్కర్లేదు. ఆ కాగితం ఒక కాపీ తీసి చూపిస్తే చాలు.

మేస్త్రి ఆ శ్రావణమాసంలో పోయాడు. నిద్రలోనే, మా మంచం కింద. వారం తర్వాత మళ్ళీ అదే మాట వచ్చింది, ఈసారి పక్క ఫ్లాటు నుంచి. "ఇక మీకు అడ్డు లేదు పిన్నిగారూ, హాయిగా తిరగొచ్చు." ఆ మాట ఈసారి నా గొంతులో ముల్లు కాలేదు. "తిరిగేశాం అమ్మా, వాడితోనే" అన్నాను. బెంగ లేదని కాదు. ఇప్పటికీ రాత్రి రెండింటికి ఆయన లేచి కూర్చుంటారు. కానీ వాడు ఎప్పుడు పోతాడా అని నేను ఒక్కరోజు కూడా లెక్కపెట్టలేదు. వాడు పోయాక ఏదో తెరుచుకుంటుందని ఎదురుచూడలేదు. ఆ నిశ్చింత నాకు చాలు.

మీ ఇంట్లో అలా నెమ్మదిగా నడిచేవాళ్ళు ఎవరు? అమ్మా, అత్తగారా, కుక్కా, మోకాళ్ళు అరిగిన మీరేనా? కేరవాను అక్కర్లేదు. ఆటో మాట్లాడుకుని భీమిలి దాకా వెళ్ళి, రెండు చోట్ల ఆగి రండి. తొందరపెట్టేవాళ్ళని ఇంట్లో ఉంచి, తలుపు తాళం, అన్నం వండుకునే గిన్నె వాళ్ళ చేతికిచ్చి వెళ్ళండి. వాళ్ళు తర్వాత వస్తారు, అన్నీ అయ్యాక.